బడి పిల్లల ప్రయోగానికి ఏ విత్తనం ఇద్దాం?

ఈసారి పోస్టు జర పొడుగైతది. మోటరు పెట్టి గట్టు మీద కూసున్నప్పుడు నిమ్మళంగ చదువుర్రి.

డిసెంబర్ మొదటి వారం ముచ్చట. మా తమ్ముని బిడ్డ బడి నుంచి వచ్చి, బ్యాగు అరుగు మీద పారేసి, "పెద్దబాపూ, అన్నిటికంటే తొందరగ పెరిగే చెట్టు ఏది?" అని అడిగింది. ఎనిమిదో తరగతి చదువుతది. సైన్సు సారు ఒక మొక్క పెంచి, ప్రయోగం చేసి, రోజూ రాసుకొని చార్టు కట్టి తెమ్మన్నడట. గడువు నెల రోజులు. అందుకే దానికి "తొందరగ పెరిగేది" కావాలె.

ఇంట్ల తలా ఒక మాట చెప్పినం. మా తమ్ముడు సుబాబుల్ అన్నడు. మా అమ్మ ముల్లంగి అన్నది. నేను ఇంటర్ చదివినోన్ని కదా, నా తెలివి చూపియ్యాలని వెదురు అన్న. కొన్ని జాతుల వెదురు ఒక్క రోజులనే 90 సెంటీమీటర్ల దాకా లేస్తదని ఎక్కడనో చదివిన యాది. పిల్ల నా మొఖం చూసి, "మరి వెదురు విత్తనం యాడ దొరుకుతది?" అన్నది. నిజమే. వెదురు పూత కొచ్చేదే ఏండ్లకేండ్లకు ఒకసారి. పైగా ఆ లేచేది విత్తనం నుంచి కాదు, ముదురు బొద నుంచి వచ్చే పిలక. పక్కింటాయన నవ్వుకుంట, "వయ్యారిభామ పెట్టు బిడ్డా, నీళ్లు కూడ అక్కర్లేదు" అన్నడు. నవ్వులాటకే అన్నడు గని, పిల్లలతోని ఆ మొక్క ముట్టియ్యద్దు. దద్దుర్లు లేస్తయి, కొందరికి ఆయాసం గూడ వస్తది.

ఆ రాత్రి పిల్ల ఫోన్‌ల వెతికి ఒక సంగతి తెచ్చింది. అమెరికాల విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంల పాల్ విలియమ్స్ అనే శాస్త్రవేత్త మన ఆవాల కుటుంబం మొక్కనే ఏండ్ల తరబడి ఏరి ఏరి, విత్తనం పెడితే 35, 40 రోజుల్లనే మళ్ల విత్తనం చేతికొచ్చే రకం చేసిండట. అక్కడి బళ్లల్ల పిల్లలు దాంతోనే ప్రయోగాలు చేస్తరట. "మనం తెప్పియ్యొచ్చా?" అని అడిగింది. దానికి రాత్రింబగళ్లు 24 గంటలు లైటు వెలుగుతుండాలె. మన కరెంటు సంగతి మనకెరుకనే. అంత దూరం నుంచి విత్తనం తెప్పిచ్చుడు మన పని గూడ కాదు.

అప్పుడు నాకు ఇస్రో వాళ్ల సంగతి యాదికొచ్చింది. చాలామందికి తెలిసే ఉంటది గని మళ్ల చెప్తున్న. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ60 రాకెట్ లేచింది. ఆ రాకెట్ చివరి అంచెల చిన్న డబ్బా ఒకటి పెట్టిన్రు. దాని పేరు క్రాప్స్. ఆకాశంల, బరువు తెలియని జాగల, విత్తనం మొలుస్తదా లేదా చూసే ప్రయోగం. అండ్ల ఏం విత్తనాలు పెట్టిన్రు? ఎనిమిదంటే ఎనిమిది బొబ్బెర గింజలు. ఆంధ్ర దిక్కు అలసందలు అంటరు. నాలుగు రోజులల్ల మొలిచినయి, తర్వాత ఆకులు గూడ విచ్చుకున్నయి. ఆ తర్వాత 2025 జూన్‌ల శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రానికి పోయినప్పుడు మెంతులు, పెసర్లు తీసుకపోయి అక్కడ మొలకెత్తిచ్చిండు. ఆ ప్రయోగం తయారు చేసింది ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, అక్కడి ఐఐటీ వాళ్లు.

చూడుర్రి, గంత పెద్ద పెద్ద సైంటిస్టులు వేలాది విత్తనాలున్న లోకంల ఏరుకున్నయి బొబ్బెర్లు, పెసర్లు, మెంతులు. అంటే మన వంటింటి డబ్బాలల్ల ఉన్నయే. ఎందుకు? వాళ్లకు గూడ టైం తక్కువ ఉంటది. గింజ గట్టిగ ఉండాలె, చిన్న జాగల పట్టాలె, రెండు మూడు రోజుల్ల మొలక కనపడాలె, మొదటి పది రోజులు ఎరువు అడగద్దు. పప్పుజాతి గింజల అమ్మ ముందే సద్ది కట్టి పంపినట్టు తిండి ఉంటది. మొలక లేచినంక పైకొచ్చే రెండు బద్దలు ఉంటయి చూడుర్రి, ఆ సద్దే అది. అది అయిపోయేదాక మొక్క మట్టిని పెద్దగ ఏం అడగదు. ఉత్త తడి గుడ్డల గూడ మొలిచేది అందుకే.

ఇది చెప్తే పిల్ల సంబురపడి బొబ్బెర్లు నానబెట్టింది. మూడు రోజులైనా కదలలే. డిసెంబర్ చలి! మన దిక్కు యాసంగి నారుమడి సంగతి మీకు తెలిసిందే గదా. రాత్రి చలికి నారు పచ్చబడి గిడసబారి పోతది, రాత్రిపూట పాలిథిన్ పట్టా కప్పి పొద్దున తీస్తం. బొబ్బెర, పెసర గూడ వేడి కోరుకునే జాతులే. జూన్‌ల మూడు రోజుల్ల లేచేది డిసెంబర్‌ల వారం పడుతది. అదే మెంతులు, ఆవాలు, శనగలు చలికాలం జాతులు, చలిల గూడ పని చేస్తయి. కాబట్టి "తొందరగ పెరిగే మొక్క ఏది" అని పిల్లలు అడిగితే, ముందు మనం తిరిగి అడగాల్సింది "ఏ నెల?" అని. పుస్తకంల రాసే మనిషికి మన ఊరి చలి తెల్వదు. మాదైతే రోళ్లవాగు దగ్గరి పల్లం, పక్కన గోదారి, పొద్దున తొమ్మిది దాక పొగమంచు పోదు.

సరే, మెంతులు పెట్టింది. రెండో రోజుకే తెల్లగ మూతులు బయటపెట్టినయి. ఇగ రోజూ స్కేలు పెట్టి కొలిచి రాసుడు. ఇంతవరకు బాగనే ఉంది. ఇక్కడ నాకు ఒక సందేహం వచ్చింది. మొక్క పొడుగు కొలిచి, రోజూ ఇంతింత పెరిగిందని రాస్తే అది ప్రయోగం అయితదా? మెంతి మొలుస్తదని మా అమ్మకు తెలుసు, వాళ్ల అమ్మకు తెలుసు. తెలిసిన జవాబుకు నెల రోజులు ఎందుకు?

పైగా పొడుగు చూసి మోసపోయేది గూడ ఉన్నది. ఒక గిన్నె తీసి గూట్లె చీకట్ల పెట్టమన్న, ఒకటి వెలుతురుల. నాలుగు రోజులకు చూస్తే చీకట్లదే రెట్టింపు పొడుగు. పిల్ల ఆగమైంది. "అంటే చీకట్లనే మంచిగ పెరుగుతదా?" అన్నది. చేత పట్టుకొని చూడు అన్న. పసుపు పచ్చగ, సన్నగ, దారం లెక్క ఉంది. వెలుతురు వెతుక్కుంట ఉన్న సద్దంత కాండం మీదనే ఖర్చు పెట్టింది. ఇదేం కొత్త సంగతి కాదు మనకు. యూరియా దండిగ పోస్తే వరి గూడ గట్లనే ఏపుగ లేచి, ఒక్క గాలికి పడిపోతది. ఇదివరకటి పొడుగు వరి రకాలు పోయి పొట్టి రకాలు వచ్చినంకనే కదా ఎకరానికి గింజ పెరిగింది. 1967ల పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటల నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఐఆర్-8 వేసి చూపిస్తే ఆయనకు ఐఆర్-8 సుబ్బారావు అనే పేరు పడ్డది. పొట్టిగ ఉన్నదని ఆయన అవతల పారేసి ఉంటే?

చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ కలిసి ఇసొంటిదే చేసిన్రు. గడ్డి జాతి మొలక వెలుతురు దిక్కు ఒంగుతది గదా, ఏ భాగం వెలుతురును గుర్తు పడుతదో చూడాలని మొలక కొసకు చిన్న టోపీ తొడిగిన్రు. టోపీ తొడిగితే ఒంగలే. ఆ పుస్తకం 1880ల వచ్చింది. మన ఇంట్ల జొన్నలు, సజ్జలు, చెప్పుల అట్టపెట్టె, చాక్లెట్ మీది వెండి కాయితం ఉంటే ఏ పిల్లలైనా వారం రోజులల్ల ఆ ప్రయోగం చెయ్యొచ్చు. దానికి మెంతి పనికిరాదు, జొన్ననే మంచిది, మొలక ఒంటికాడ లెక్క నిటారుగ లేస్తది. అంటే మొక్క పేరు ముందు కాదు, ప్రశ్న ముందు. ప్రశ్నను బట్టి మొక్క.

మరి మా పిల్లకు ఏం ప్రశ్న ఇయ్యాలె? దీనికి జవాబు నా నోట్లె నుంచే వచ్చింది, దాంతోనే నాకు తిప్పలు గూడ వచ్చింది.

సంక్రాంతి దాటినంక నువ్వులు చల్లుదామని ఉన్న. మన జగిత్యాల దిక్కు ఎండకాలం నువ్వుకు మంచి పేరు. శ్వేత తిల్ గూడ పొలాస పరిశోధన స్థానంలనే పుట్టింది. నాకు పోయినేటి సొంత విత్తనం ఉన్నది, రెండు జాగలల్ల. సగం మా అమ్మ కుండల పోసి, వేపాకు, బూడిద కలిపి మూత పెట్టింది. సగం ప్లాస్టిక్ సంచిల ఎనక అర్రల గోడకు ఆనిచ్చి పెట్టిన. వానలల్ల అక్కడ పెంకు జరిగి నీళ్లు కారితే సంచి అడుగు తడిసింది. వెంటనే ఎండవోసి మళ్ల కట్టిన. చూస్తే గింజ బాగనే ఉంది, బూజు లేదు, వాసన లేదు. మాటల మాటగ పిల్లతోని అన్న, "ఈ రెండు నువ్వులల్ల తేడా ఏమన్న ఉంటదా, నీ ప్రయోగంల చూడరాదు" అని. మనసుల మాత్రం తేడా ఉండదనే అనుకున్న.

ఒకటి చెప్పాలె. నువ్వు మొలిచేది తొందరనే గని, ఎదిగేది మొదట్ల మస్తు నిమ్మళం. మొదటి ఇరవై రోజులు కలుపు దాన్ని మింగుతది, అందుకే కదా తొందరగ కలుపు తీస్తం. పొడుగు కొలిచే ప్రయోగానికైతే నువ్వు దండుగ. మొలక లెక్కపెట్టే ప్రయోగానికి మాత్రం బంగారం.

పిల్ల మొదట పది గింజలు ఇటు, పది గింజలు అటు పెట్టింది. కుండలవి తొమ్మిది మొలిచినయి, సంచిలవి నాలుగు. నాకు గుండె జల్లుమన్నది గని పైకి, "పది గింజలతోని ఏం తెలుస్తది, ఒక్క మడి చూసి ఊరి పంట చెప్తరా" అన్న. మాట అన్నది తప్పించుకుందామని గని, అది నిజమే. పది గింజలల్ల ఒకటి అటు ఇటైతేనే లెక్కల పది శాతం తేడా కనపడుతది. సర్కారు విత్తన పరీక్ష కేంద్రాలల్ల 400 గింజలు పెడుతరు, వంద వంద నాలుగు భాగాలు చేసి. మనకు అంత అక్కర్లేదు, వంద చాలు. పిల్ల వంద వంద లెక్కపెట్టి, తడి గుడ్డల మీద వరసలు పేర్చి, చుట్టలు చుట్టి, రెండింటిని ఒకే గిన్నెల పొయ్యి పక్కన వెచ్చగ పెట్టింది. రోజూ అదే నీళ్లు. ఆరో రోజు విప్పి లెక్కపెట్టింది.

కుండల నువ్వులు 87. సంచిల నువ్వులు 43.

నేను "చలికి మొలవలేదు బిడ్డా, నువ్వు వేడి కోరే పంట" అన్న. పిల్ల అన్నది, "రెండు చుట్టలు ఒక్క గిన్నెలనే ఉన్నయి కదా పెద్దబాపూ. చలి అయితే రెండింటికీ కావాలె." ఏం చెప్పాలె? ముప్పై ఏండ్ల ఎవుసంల, పంట పాడైనప్పుడల్ల చలి అన్న, ఎండ అన్న, పురుగు అన్న. పక్కన పోల్చి చూసే ఇంకో మడి పెట్టుకొని ఎన్నడూ చూడలే. సైన్సు సారు దాన్ని ఏదో పేరుతోని పిలుస్తడు గని, మన భాషల చెప్పాలంటే ఒక్కటే తేడా పెట్టి మిగతాదంత సమానం చేసుడు. నమ్మక నేనే మళ్ల వంద గింజలు పెట్టిన, ఈసారి సంచి పై నుంచి కొన్ని, నడిమిట్ల కొన్ని, అడుగున కొన్ని తీసి కలిపిన. 41 వచ్చినయి.

ధ్రువీకరణ విత్తనానికి సర్కారు పెట్టిన కనీస మొలక శాతం నువ్వులకు 80, వరికి 80, పెసరకు 75, సోయాకు 70. మా అమ్మ కుండ పాస్. నా సంచి ఫెయిల్.

ఇక్కడి నుంచి ఇంట్ల పంచాయితి మొదలైంది. చార్టు మీద పిల్ల పెద్దక్షరాలతోని "మా ఇంటి నువ్వుల మొలక శాతం" అని రాసి, కింద 87, 43 రాసింది. మా తమ్ముడు చూసి, "బడి గోడ మీద మన ఇంటి విత్తనం మొలవదని పెడుతవా? 78 అని రాయి, ఎవరు లెక్కపెడుతరు" అన్నడు. దాని దోస్తు పిల్ల గూడ, తక్కువ వస్తే మార్కులు తక్కువ వేస్తరేమో, మళ్ల మంచి గింజలు పెట్టి ఫోటో తియ్యి అన్నదట. పిల్ల నా దిక్కు చూసింది. నిజం చెప్తున్న, నేను వెంటనే ఏం అనలే. ఎందుకంటే నా కడుపుల ఇంకో రాయి ఉన్నది. ఆ సంచిలవి ఐదు కిలోలు ఇద్దరికి విత్తనానికి ఇస్తనని నేను ముందే మాట ఇచ్చిన. ఎకరానికి రెండున్నర కిలోలు, చెరొక ఎకరానికి. వాళ్లు దున్ని పెట్టుకున్నరు. చార్టు బడి గోడ ఎక్కితే వాళ్ల పిల్లలు గూడ అదే బడి.

ఆరేడేండ్ల కింద ఒక దుకాణంల మక్క విత్తనం కొన్న. సగం చెలక ఖాళీ పడ్డది. పోయి అడిగితే విత్తనం మంచిదే, మీ భూమిల తేమ లేదన్నరు. సంచి పారేసిన, బిల్లు అడగలే, పిడికెడు గింజలు దాచిపెట్టలే. నా తప్పు నాకున్నది గని ఆ సంవత్సరం మళ్ల కొని మళ్ల వేసిన ఖర్చు, పది పదిహేను రోజులు ఆలస్యం, అది ఇంకా నాకు చేదుగనే ఉన్నది. ఆనాడు ఆ దుకాణం మీద కోపంతోని ఊగిపోయిన నేను, ఇయ్యాల తెలిసి తెలిసి 43 మొలిచే నువ్వులు పక్క రైతుకు ఇస్తే నాకూ వాళ్లకూ ఏం తేడా?

"ఉన్నదున్నట్టు రాయి" అన్న పిల్లతోని. సంచి అడుగు తడిసింది, ఎండవోసినం అనేది గూడ రాయమన్న. ఎందుకు తక్కువొచ్చిందో రాయకపోతే 43 అనేది ఉత్త అంకెనే అయితది.

తెల్లారి ఇద్దరి ఇంటికి పోయి చెప్పిన. ఒకాయన "చెప్పి మంచి పని చేసినవే" అన్నడు. ఇంకొకాయన కొంచెం గుస్స అయిండు, "ముందే చూసుకోవద్దా, ఇప్పుడు నేను యాడికి పోవాలె" అని. ఆయన అన్నది గూడ తప్పు కాదు. "రెట్టింపు చల్లుకుంటే సరిపోతది కదా" అని మధ్యల ఒకరు సలహా ఇచ్చిన్రు. సరిపోదు. తడిసి దెబ్బతిన్న గింజల మొలిచిన 43 గూడ సమానంగ మొలవలే, కొన్ని మూడో రోజు, కొన్ని ఆరో రోజు. వేరు బలం లేదు. గుడ్డల మొలిచినయన్ని మట్టిని చీల్చుకొని రావు. రెట్టింపు పోస్తే ఒకకాడ గుంపు, ఒకకాడ బోడ.

ఇదంత ఎందుకు రాస్తున్ననంటే, ఈ నెల మన ఊళ్లల్ల చాలా ఇండ్లల్ల పిల్లలు ఇసొంటి ప్రాజెక్టులే చేస్తున్నరు. ఫిబ్రవరి 28 సైన్స్ డే వస్తుంది, ఇన్‌స్పైర్ మనక్ అని ఇంకో పోటీ ఉన్నది, అండ్ల ఎంపికైన పిల్లలకు పది వేలు ఇస్తరు. కొందరు తల్లిదండ్రులు జగిత్యాల పోయి థర్మకోల్ అట్టలతోని తయారు చేసిన నిప్పుల కొండ కొనుక్కొస్తున్నరు. మన కాడ నిప్పుల కొండ యాడుంది? పిల్లగాడు దాని ముందు నిలబడి బట్టీ పట్టింది చెప్తడు, తెల్లారి అది చెత్తకుప్పల ఉంటది. వందల రూపాయలు దండుగ. ఇంకొందరు ఆన్‌లైన్ల పూల విత్తనాల ప్యాకెట్లు తెప్పిస్తున్నరు. వద్దని కాదు. కాని మన ఇంట్ల మన పిల్లలు అడగాల్సిన ప్రశ్నలు కుప్పలు కుప్పలు పడి ఉన్నయి. ఉప్పు నీళ్ల బోరు కింద పెసర మొలుస్తదా? కలుపు మందు కొట్టిన డబ్బా కడిగిన నీళ్లకు మెంతి ఏమైతది? (ఇది పెద్దోళ్లు దగ్గర ఉండి చెయ్యాలె, డబ్బా పిల్లల చేతికి ఇయ్యద్దు.) గిన్నెడు మట్టిల చిటికెడు యూరియా వేస్తే ఏమైతది, చెంచెడు వేస్తే ఏమైతది? చెంచెడు వేసిన గిన్నెల మెంతి మాడిపోవుడు కండ్లార చూసిన పిల్ల, రేపు పెద్దయినంక యూరియా లైన్ల చెప్పులు పెట్టే రైతును ఒక ప్రశ్న అడుగుతది. అడగనీయుర్రి.

సారు వాళ్లకు గూడ ఒక మనవి. "తొందరగ పెరిగేది తెమ్మను" అనే బదులు "మీ ఇంట్ల ఈ యాసంగికి ఏం వేస్తున్నరో దాని గింజలు వంద తెమ్మను" అని చెప్పుర్రి. ముప్పై మంది పిల్లలుంటే ముప్పై ఇండ్ల విత్తనం పరీక్ష అయితది. ఊరంత విత్తే ముందు ఒక వారంల ఎవరి విత్తనం ఎట్లుందో తెలుస్తది. మార్కులు మాత్రం ఎక్కువ మొలిచినోళ్లకు కాదు, సరిగ్గ లెక్కపెట్టినోళ్లకు వెయ్యుర్రి. లేకపోతే అన్ని చార్టుల మీద 95 వస్తది.

మెండల్ అనే సన్యాసి ఉండె. ఆయన గూడ రైతు బిడ్డనే. బఠాణీ మొక్కల మీద 1856 నుంచి ఎనిమిదేండ్లు పని చేసిండు. గింజ గుండ్రంగ ఉందా ముడతలు పడ్డదా, పచ్చగ ఉందా పసుపుగ ఉందా అని వేలకు వేలు కూసొని లెక్కపెట్టిండు. బఠాణీని తొందరగ పెరుగుతదని ఒక్కదానికే తీసుకోలే, తేడా కంటికి తేటగ కనపడుతదని తీసుకున్నడు. ఇప్పటి విత్తన శాస్త్రమంత ఆ లెక్క మీదనే నిలబడ్డది. పొలాసల వరి వంగడం తయారు చేసే సార్లు గూడ అదే చేస్తరు.

మన పెద్దోళ్లకు ఇది తెల్వదని అనుకోవద్దు. తండాలల్ల తీజ్ పండుగకు పెండ్లి కాని ఆడపిల్లలు బుట్టలల్ల గోధుమలు పోసి తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతరు. ఎవరి బుట్ట పచ్చగ లేస్తదో అని ఒకరిదొకరు చూసుకుంటరు. పెండ్లిళ్లల్ల పాలికలల్ల నవధాన్యాలు పోస్తం, గుళ్లల్ల ఉత్సవాలకు ముందు అంకురార్పణ చేస్తరు. భక్తి భక్తే, నాకైతే అది తొమ్మిది విత్తనాల మొలక పరీక్ష లెక్కనే కనపడుతది. వరి నానబెట్టి మండె కట్టుడు గూడ అదే గదా. మండె విప్పినప్పుడు చెయ్యి పెట్టి చూసి మొలక ఎట్లుందో చెప్పే ముసలోళ్లు ఉండె. మనం సంచి మీది అంకె చూసి నమ్మి, చెయ్యి పెట్టుడు మానేసినం. అంకె అబద్ధమని అంటలే. అది పరీక్ష చేసిన నాటి అంకె. ఆ తర్వాత ఆ సంచి ఏ గోదాంల, ఏ రేకుల కింద, ఎన్ని ఎండలు కాగిందో సంచి మీద రాసి ఉండదు.

పరీక్ష చేసేటోళ్లకు రెండు జాగ్రత్తలు. కోసి కొత్తగ ఇంటికి తెచ్చిన వరి, పల్లి కొన్ని రకాలు నిద్రల ఉంటయి, కొన్ని వారాల దాక మొలవవు. అది చూసి విత్తనం చెడిపోయిందని పారేయద్దు. రెండోది, గుడ్డ తడిగ ఉండాలె గని నీళ్లల్ల మునగద్దు, గింజకు గాలి ఆడకపోతే మురుగుతది. వరికి పద్నాలుగు రోజుల దాక చూడాలె, నువ్వుకు ఆరు చాలు. సంచి ఒక్క దిక్కు నుంచి కాదు, పైన, నడుమ, అడుగు నుంచి తియ్యాలె.

పిల్ల చార్టు మొన్న బడికి పోయింది. ఏ బహుమతి వస్తదో రాదో తెల్వదు. సారు మాత్రం ఆ 43 దగ్గర ఆగి, "ఎందుకు?" అని అడిగిండట. పిల్ల పెంకు జరిగిన సంగతి కాడి నుంచి మొత్తం చెప్పిందట, మా పెద్దబాపు చలి అన్నడు అనేది గూడ కలిపి. పోనీ.

సంచిల నువ్వులు గానుగకు పోతయి. కుండలవి నాకు రెండెకరాలకు పోను మూడు కిలోలు మిగులుతయి. అవి నేను మాట ఇచ్చిన ఇద్దరిల గుస్స అయిన ఆయనకే ఇస్తున్న, ఇంకొకాయన పొలాస పోయి తెచ్చుకుంటనన్నడు. కాబట్టి ఈసారి నా దగ్గర విత్తనం లేదు, దయచేసి ఎవరూ ఫోన్ చెయ్యద్దు. పెంకు మాత్రం ఇంకా సరిచెయ్యలే, ఈ ఆదివారం ఎక్కాలె.